కొసరు

పలక మీద గుడ్డను ఒకే దిక్కుకు లాగి, మడత మార్చి, మళ్లీ అదే దిక్కుకు లాగాడు. వెనక్కి రుద్దితే తీసిన మురికిని తిరిగి పూసినట్టేనని భార్య అనేది. ఈ ప్రయోగశాలలో అతనిది కడిగే పని, ఆమెది బిగించే పని. ఆమె పోయాక కూడా అతను వెనక్కి రుద్దలేదు.

లోపల గాలి లేని ఉక్కు డ్రమ్మును పొద్దున్నే తెరిచారు. ఆమె చేతులతో మూసిన తరవాత తెరవడం ఇదే మొదటిసారి. గాలి లోపలికి పోతుంటే ఎవరో చాలాసేపు బిగబట్టి ఊపిరి తీసుకున్నట్టు చప్పుడైంది. అది ఆగేదాకా అతను అక్కడే నిలబడ్డాడు.

గాలి తోడే పంపులు చూసుకునే ఆయన మరలు విప్పుతూ నవ్వాడు. "ఇన్నేళ్లూ ఏమీ లేనిదానికి కాపలా కాశానన్నా. ఏం చేశావని ఎవరైనా అడిగితే ఏం చెప్పను?"

"ఏమీ పోలేదని చెప్పు."

డ్రమ్ములో రెండు బంగారు పూత పలకలు వెంట్రుకలో వెయ్యోవంతు ఎడంతో ఎదురెదురుగా ఉంటాయి. మధ్యన ఏమీ ఉండదు. అయినా ఒకదాన్నొకటి లాక్కుంటాయి. శూన్యం ఖాళీగా కూర్చోదని, అందులో పదార్థం, వ్యతిరేక పదార్థం జంటలుగా పుట్టి, కలిసి, మాయమవుతుంటాయని ప్రొఫెసరుగారు చెబుతారు. ఆయన కొలిచిన లాగుడు లెక్క కన్నా పిసరంత ఎక్కువ వచ్చింది. దానికి అందరూ కొసరు అని పేరు పెట్టారు. అది వ్యతిరేక పదార్థం వాటా అని ఆయన ఆశ. పలకలు శుభ్రం చేసి కొలిచినా కొసరు వస్తే, ఇక లోకానికి చెప్పేస్తానన్నారు.

రెండో పలకను దీపం కింద ఏటవాలుగా పట్టాడు. అంచు దగ్గర మరక. భూతద్దం పెట్టి చూశాడు. బొటనవేలి ముద్ర. చుట్టుచుట్టు గీతల్ని కోసుకుంటూ ఏటవాలుగా ఒక మచ్చ. డబ్బా మూత కోసుకుని తెగిన ఆమె వేలికి కట్టు కట్టింది అతనే.

చేతొడుగు లేకుండా ముట్టుకుంది. వేలి జిడ్డు తగిలితే అక్కడ కాస్త విద్యుత్తు నిలిచి దొంగ లాగుడు పుడుతుందని కొత్తగా వచ్చిన ప్రతివాడికీ పాఠం చెప్పిన మనిషి. "ఒట్టి చేత్తో ముట్టావంటే అన్నం పెట్టను" అని అతన్నే బెదిరించిన మనిషి.

డ్రమ్ము మూసిన ఆ రోజుల్లో ఆమె చేతిలోంచి గ్లాసులు జారేవి. తిమ్మిరి అని నవ్వేసేది. చేతొడుగులోంచి మర వేలికి తెలియక, విప్పేసి ఉంటుంది. ఆ తరవాత ఆసుపత్రి మంచం మీద రోజూ ఒకటే అడిగేది: "పలకలెట్లా ఉన్నాయి?" ఒకరోజు అతను సంబరంగా చెప్పాడు: "కాస్త ఎక్కువే లాగుతున్నాయంట. పెద్దాయన సంతోషం పట్టలేకపోతున్నాడు." ఆమె మొహం గోడవైపు తిప్పుకుంది. నొప్పి అనుకున్నాడు.

ఒక్క తుడుపు తుడిస్తే ఎవరికీ తెలియదు. ఆమె పనికి ఇంతవరకూ వంక పెట్టినవాడు లేడు. కానీ కొసరూ పోతుంది. అది ఎటు పోయిందో వెతుక్కుంటూ ఆ ముసలాయన మిగిలిన బతుకు గడుపుతాడు. తను రోజూ ఎదురుపడి నమస్కారం పెట్టాలి, మొహం గోడవైపు తిప్పుకుని.

"సార్, ఒక్కసారి ఇటు రండి."

ప్రొఫెసరుగారు భూతద్దంలోంచి చాలాసేపు చూశారు. కుర్చీ కోసం చేత్తో వెనక్కి తడిమి కూర్చున్నారు.

"ఎవరిది?"

"తనదే సార్. వేళ్లకి స్పర్శ పోయుంటుంది. నాక్కూడా చెప్పలేదు."

"నాతో చెప్పుంటే..." కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచారు, అటూ ఇటూ రుద్దుతూ. చివరికి సన్నగా నవ్వారు. "అయితే ఇన్నేళ్లూ లాగింది మీ ఆవిడన్నమాట."

అతను పలకను మెల్లగా బల్ల మీద పెట్టాడు.

ఆయన గొడుగు తీసుకున్నారు. గుమ్మం దగ్గర వెనక్కి తిరగకుండానే అన్నారు: "తొందరేం లేదయ్యా. రేపు తుడువు."

ఆయన అడుగుల చప్పుడు మెట్లు దిగిపోయింది. అతను కుడిచేతి తొడుగు విప్పి పక్కన పెట్టాడు. తన బొటనవేలిని ఆ ముద్రకు ఎదురుగా తెచ్చాడు. ఇంకాస్త దగ్గరికి. తగలలేదు. వేలు దానంతటదే ముందుకు పోతున్నట్టనిపించింది. చటుక్కున వెనక్కి తీసుకున్నాడు.

మరకను రేపటికి ఉంచితే ఆమె ఊరుకునేది కాదు. ఒకసారి విప్పిన తొడుగును మళ్లీ వేసుకోనిచ్చేదీ కాదు. కొత్తది తొడుక్కుని, గుడ్డ తడిపి, ఒకే దిక్కుకు లాగాడు. మచ్చ పోయింది. గీతలు పోయాయి. గుడ్డ తిప్పి చూశాడు. తెల్లగా ఉంది.

దీపం ఆర్పి వెళ్లిపోయాడు. విప్పిన తొడుగు బల్ల మీదే ఉండిపోయింది. లోపల ఇంకా చెయ్యి ఉన్నట్టే వేళ్లు ఉబ్బి, పలకవైపు చాచి ఉంది.