లేని అత్తగారి చావు

రెండో చెంచా జావ మింగి, ఊపిరి కూడగట్టుకున్నాక, "ఇవాళ మీ అత్తగారిని చంపెయ్యి" అన్నాడు అన్నయ్య.

"పాపం, ఆవిడేం చేసింది?" అంది చెల్లెలు, తడిగుడ్డతో అతని మూతి తుడుస్తూ.

"ఏమీ చెయ్యట్లేదు, అదే నేరం. నాకంటే ముందు మంచమెక్కింది. ఇంకా దిగలేదు."

నవ్వబోయాడు. నవ్వు దగ్గయింది, దగ్గు ఆయాసమయింది. ఆమె జావగిన్నె కింద పెట్టి, అతన్ని ముందుకు వంచి, అరచేత్తో వీపు మీద గుండ్రంగా రాస్తూ కూర్చుంది. చొక్కా కింద వెన్నుపూసలు ఒక్కొక్కటీ చేతికి తగులుతున్నాయి. ఒకప్పుడు ఈ మనిషి కళ్ళజోళ్ళ దుకాణం వెనక గదిలో నిలబడి పొద్దస్తమానం అద్దాలు అరగదీసేవాడు. ఊళ్ళో సగం మందికి చూపు బాగుచేశాడు. ఆ పొడంతా తను పీల్చాడు. డాక్టరు ఎక్స్‌రే చూపించి ఇది తగ్గేది కాదని చెప్పిన రోజున, "అయితే లోపల దీపం పెడితే బయటికి కనిపిస్తుందన్నమాట" అన్నాడు. డాక్టరుకు నవ్వాలో వద్దో తెలియలేదు.

చెల్లెలికి అత్తగారు లేదు. మొగుడే లేనప్పుడు అత్తగారెక్కణ్ణించి వస్తుంది? రెండు గదుల ఆ ఇంట్లో ఉన్నది వాళ్ళిద్దరే. అత్తగారూ, పిసినారి మొగుడూ, ఒకరి ముఖం ఒకరు చూసుకోని ఇద్దరు కొడుకులూ ఆమెకు ఉద్యోగంతో పాటు వచ్చారు.

ఆమె పనిచేసేది సామాజిక శాస్త్రాల, గణాంకాల ప్రయోగశాలలో. పేరు అంత పెద్దదే గానీ, జనం ఏం తింటున్నారు, ఎలా బతుకుతున్నారు, దేనితో పోతున్నారు అని ఇంటింటికీ వెళ్ళి అడిగి లెక్కలు కట్టే చోటు. వయసులో ఉండగా ఆమె కూడా అలా గడపగడపా ఎక్కి దిగింది. మోకాళ్ళు అరిగాక కాగితాలు నకళ్ళు తీసే గదిలో కూర్చోబెట్టారు. ఏటా కొత్త పరిశోధకులు చేరినప్పుడు మాత్రం ఆమెకు ఇంకో పని పడుతుంది. వాళ్ళను తిన్నగా జనం మీదికి తోలితే గేట్లు మూసుకుంటారు కాబట్టి, ముందు ఈమె మీద సాధన చేయిస్తారు. ఆమె ఒక కుర్చీలో ఇల్లాలిలా కూర్చుంటుంది. వాళ్ళు ప్రశ్నలు అడుగుతారు, ఆమె చెబుతుంది. సొంత సంగతులు చెప్పకూడదని నియమం. అందుకే పూర్వం ఎవరో ఒక సంసారాన్ని కల్పించి ఇచ్చారు. నమూనా సంసారం కాబట్టి ఆమె ఆఫీసులో నమూనా అక్క అయింది.

కాగితం మీది సంసారానికి రక్తమాంసాలు పోసింది అన్నయ్యే. మొగుడికి కాలిన అగ్గిపుల్లలు దాచుకునే అలవాటు అంటగట్టాడు. అత్తగారికి లేని చెవుడు తెచ్చిపెట్టాడు. సాయంత్రం ఆమె ఇంటికి రాగానే, "మీ ఆయనేమన్నాడు ఇవాళ?" అని అడిగేవాడు, ఆమె కాళ్ళు కడుక్కోకుండానే. ఇద్దరికీ పెళ్ళిళ్ళు కాలేదు. ఆ లేని సంసారంతోనే వాళ్ళకు పొద్దుపోయేది.

అత్తగారి చావు మాటకు కారణం నిన్న శిక్షణ మేడమ్ చెప్పిన కబురు. క్రితం ఏడాది కొత్తగా చేరిన ఒకబ్బాయి, కొడుకు పోయి ఏడుస్తున్న తల్లిని మీ ఇంట్లో ఫ్యాను ఉందా అని అడిగి వచ్చాడట. "అందుకని అక్కా, ఈసారి మధ్యలో ఉన్నట్టుండి ఎవరో పోయినట్టు చెప్పండి. ఎలా తట్టుకుంటారో చూద్దాం" అంది మేడమ్. అదే మాట ఇంటికొచ్చి చెబితే, ఎవరిని చంపాలో అన్నయ్య తేల్చాడు.

నిన్న సెలవు అడగడానికే ఆమె మేడమ్ దగ్గరికి వెళ్ళింది. అన్నయ్య పెదవులు నీలంగా మారుతున్నాయి. రేపు కొత్తవాళ్ళు వస్తున్నారు, మీరు లేకపోతే ఎలా అని మేడమ్ గడ్డం పట్టుకున్నంత పని చేసింది. "ముందు మీదే పెట్టిస్తాను. మధ్యాహ్నానికి ముందే పంపించేస్తాను, సరేనా" అంది. ఆమె సరేనంది. ఎప్పుడూ సరేననే మనిషి.

ఇప్పుడు మంచం పక్కన నిలబడి, "వచ్చేస్తాగా. మధ్యాహ్నం జావ నేనే పడతా" అంది.

అన్నయ్య ఆమె చీర చెంగు పట్టుకున్నాడు. "నాకు చావంటే భయం లేదే" అన్నాడు. ఈసారి నవ్వలేదు. "అమ్మలా ఒక్కణ్ణీ పోతానేమోనని భయం."

వాళ్ళమ్మ పోయినప్పుడు ఇద్దరూ పనుల్లో ఉన్నారు. సాయంత్రం తలుపు తీసేసరికి వంటింటి గడప మీద పడి ఉంది. ఎప్పుడు పడిందో, ఎవరిని పిలిచిందో తెలియదు. ఆ తెలియకపోవడం అన్నయ్యను ఏళ్ళ తరబడి తినేసింది.

"నేనుంటా కదా పక్కన" అంది చెల్లెలు. చెంగు మెల్లగా విడిపించుకుని, పక్కింటావిడకు తాళం చెవి ఇచ్చి, కాస్త కనిపెట్టి ఉండమని మళ్ళీ మళ్ళీ చెప్పి, బస్సెక్కింది.

హాల్లో అప్పటికే స్వాగతం బ్యానరు కట్టేశారు, ఒక మూల జారి వేలాడుతోంది. ఆమె కుర్చీల మీద ఒక్కొక్క సంచీ పెట్టుకుంటూ పోయింది. సంచీలో పెన్ను, సంస్థ బొమ్మ ఉన్న కప్పు, మెడలో వేసుకునే కార్డు. కొత్తవాళ్ళు ఇస్త్రీ మడతలు నలగకుండా వచ్చి కూర్చున్నారు. ఒకరి కార్డు ఒకరు చూసుకుని చదువుల గురించి మాట్లాడుకున్నారు. వాళ్ళ ముఖాలు చూస్తే ఆమెకు ఎప్పుడూ ముచ్చటే. ఇవాళ మాత్రం వాళ్ళు కాఫీ తాగే తీరు కూడా నిదానంగా కనిపించి చిరాకేసింది.

పెద్దసారు మైకు పట్టుకున్నాడు. ఆయన పట్టుకుంటే వదలడని అందరికీ తెలుసు. సంస్థ ఎలా పుట్టిందో, ఎవరెవరు ఎన్ని కష్టాలు పడ్డారో వరసగా చెప్పుకొచ్చాడు. "మీరు రాసే ప్రతి అంకె వెనకా ఒక మనిషి ఉన్నాడు, మరిచిపోకండి" అన్నాడు. ఏటా అనే మాటే. కొత్తవాళ్ళు తలలు ఊపారు. ఆమె తలుపు దగ్గర కాలుగాలిన పిల్లిలా అటూ ఇటూ తిరుగుతూ మేడమ్ వైపు చూసింది. మేడమ్ నేనేం చేయను అన్నట్టు భుజాలెగరేసింది.

సారు దిగాక ఫోటో అన్నారు. ఫోటో అయ్యాక బ్యానరు సరిచేసి ఇంకో ఫోటో అన్నారు. వాళ్ళంతా శిక్షణ గదికి చేరేసరికి మధ్యాహ్నమైంది.

"మేడమ్, నేను వెళ్ళాలి" అంది ఆమె, వినపడీ వినపడనట్టు.

"ఒక్కరు అక్కా, ఒక్కరితో కానిచ్చి వెళ్ళిపోండి. ఇంతమందీ మీ కోసమే కూర్చున్నారు."

ఆ ఒక్క మాటకు ఎదురు చెప్పి ఉంటే కథ వేరేగా ఉండేది. ఆమె పక్కింటావిడకు ఫోన్ చేసింది. బాగానే ఉన్నాడు, పడుకున్నాడు అంది ఆవిడ. ఆ మాటతో మనసు కుదుటపడి, వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది.

ఎదురుగా వచ్చి కూర్చున్న అమ్మాయి భుజాలు బిగబట్టుకుని కాగితాలు సర్దుకుంది. మిగతావాళ్ళు చుట్టూ అర్ధచంద్రంగా సర్దుకున్నారు. మేడమ్ వెనక నిలబడింది.

"నమస్కారమమ్మా. మీ ఇంట్లో ఎంతమంది ఉంటారు?"

"అయిదుగురం" అంది నమూనా అక్క. మొగుడి అగ్గిపుల్లల సంగతి చెబితే వెనక ఎవరో కిసుక్కుమన్నారు. అత్తగారి చెవుడు చూపించడానికి ఒక కేక కూడా పెట్టింది. అమ్మాయి బిగుసుకున్న భుజాలు కాస్త వదులయ్యాయి. ఇక అత్తగారిని చంపేద్దామని గొంతు సవరించుకుంటుండగా ఆమె ఒళ్ళోని ఫోన్ మోగింది.

అమ్మాయి మేడమ్ వైపు చూసింది. మాట్లాడనివ్వమని మేడమ్ సైగ చేసింది. బయట ఇళ్ళలోనూ ఫోన్లు మోగుతాయి మరి.

"అమ్మాయ్" అంది పక్కింటావిడ. "ఇందాక లేచి నాతో మాట్లాడాడమ్మా. మా చెల్లి అత్తగారు పోయిందో లేదో కనుక్కో అని నవ్వాడు. నీకు అత్తగారెక్కడ? సంధి మాటలేమో అనుకున్నా. పొయ్యి మీద పాలున్నాయి, దించొస్తానని వెళ్ళా. అంతే, పాలు దించినంత సేపే. వచ్చేసరికి లేడమ్మా. కాంపౌండరు వచ్చి చూశాడు."

ఆమె ఫోన్ చెవి దగ్గర్నుంచి తీసి, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు కాసేపు చేతిలోనే ఉంచుకుంది.

"మా అన్నయ్య పోయాడు" అంది ఎదురుగా ఉన్న అమ్మాయితో. "ఇప్పుడే."

మేడమ్ తృప్తిగా తలాడించింది. అత్తగారి కంటే అన్నయ్య అయితేనే గట్టిగా తగులుతుందని ఆవిడకూ అనిపించింది. చుట్టూ ఉన్నవాళ్ళు ముందుకు వంగారు. అమ్మాయి గుక్క తిప్పుకుని, సంస్థ ముందే పంపిన పుస్తకంలోంచి నిన్నంతా కూర్చుని వల్లెవేసిన నియమాలు గుర్తు తెచ్చుకుంది. ఇలాంటప్పుడు ముందు సానుభూతి చెప్పాలి. నీళ్ళివ్వాలి. కాసేపు ఆగాలి. ఇష్టమైతేనే ముందుకు వెళ్ళాలి.

"చాలా బాధగా ఉందమ్మా" అంది. గ్లాసులో నీళ్ళు పోసి ఇచ్చింది. ఆగింది. గదంతా ఆగింది. "అడగమంటారా, తర్వాత రమ్మంటారా?"

లేచి వెళ్ళాలని ఆమెకు తెలుసు. కానీ ఆ కుర్చీలో కూర్చుని ఇన్నేళ్ళూ ఎవరేమడిగినా చెప్పడమే అలవాటు. వద్దనడం ఆ నోటికి రాదు.

"అడుగమ్మా" అంది.

అమ్మాయి కాగితాలు తిప్పి, ఇంట్లో ఎవరైనా పోతే అడగాల్సిన పేజీ తీసింది. "ఏమైనా జబ్బుండేదా ఆయనకి?"

"అద్దాల పొడి. ఊపిరితిత్తుల్లో."

"పోయింది ఇంట్లోనా, ఆసుపత్రిలోనా?"

"ఇంట్లో. ఎడమవైపు ఒత్తిగిలి పడుకుంటాడు. అలా అయితేనే ఆయాసం రాదు."

"పోయేటప్పుడు పక్కన ఎవరున్నారమ్మా? ఇంట్లోవాళ్ళా, ఇరుగుపొరుగా, డాక్టరా..." అమ్మాయి వేలు కాగితం మీద కిందికి జరుపుతూ, చివరి గడి దగ్గర గొంతు తగ్గించింది. "లేకపోతే, ఎవరూ లేరా?"

ఆమె కుడిచెయ్యి కుర్చీ చేతి మీద గుండ్రంగా తిరుగుతూ రాస్తోంది. అది తనకు తెలిసి చేస్తున్నది కాదు.

"ఎవరూ లేరు" అంది. "నేనుంటానన్నాను. ఇక్కడున్నాను."

అమ్మాయి గడిలో గుర్తు పెట్టబోయి ఆగింది. తలెత్తి చూసింది. అక్క కళ్ళలో నీళ్ళు లేవు. కానీ ఆ ముఖంలో ఇందాకటి ఇల్లాలు లేదు.

"ఆగకూడదు. తర్వాతి ప్రశ్నకి వెళ్ళాలి" అంది మేడమ్ వెనకనుంచి, పాఠం చెప్పే గొంతుతో. చివర నిలబడ్డ ఇద్దరు, అయిపోయిందనుకున్నారేమో, మెచ్చుకోలుగా చప్పట్లు కొట్టారు.

"మేడమ్" అంది అమ్మాయి.

నమూనా అక్క కుర్చీ చేతులు పట్టుకుని లేచింది. "ఇది అత్తగారు కాదు మేడమ్" అంది, తప్పు చేసినదానిలా. "నిజం. నేనింటికి వెళ్తాను."

దారి ఇవ్వడానికి కొత్తవాళ్ళు రెండు పక్కలకూ జరిగారు. మేడమ్ ఏదో అనబోయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చప్పట్లు కొట్టిన వాళ్ళలో ఒకడు చేతులు జేబుల్లో దాచుకున్నాడు. ఎవరికీ ఏం చెయ్యాలో తోచలేదు. వాళ్ళకు చెప్పిన నియమాల్లో ఇది లేదు. ఆమె నడవా దాటింది, మెట్లు దిగుతున్న చప్పుడు కాసేపు వినిపించింది.

ముందు తేరుకున్నది ఆ అమ్మాయే. కాగితాలు నేలమీద పడేసి బయటికి పరుగెత్తింది. శిక్షణ గదిలో కొత్త తివాచీ వేసినందుకు అందరూ గుమ్మం బయటే విడిచిన బూట్ల మధ్య, ముతక రబ్బరు చెప్పుల జత ఒకటి అలాగే ఉంది. అమ్మాయి వాటిని చేతుల్లోకి తీసుకుని మెట్లు దిగి గేటు దాకా వెళ్ళింది. బస్సు అప్పుడే కదిలి మలుపు తిరిగింది. ఎండ మొహాన కొడుతుంటే, రోడ్డు మీద ఆ చెప్పులు పట్టుకుని నిలబడింది. నడిచేవాళ్ళు తిరిగి చూశారు.

వెనక్కి వచ్చాక వాటిని ఎవరికివ్వాలో తెలియలేదు. గుమ్మం పక్కన, ఎవరి కాలూ తగలని చోట, కాలు పెట్టి వెళ్ళిపోవడానికి వీలుగా బయటివైపు తిప్పి పెట్టింది. కుడి చెప్పు మడమ ఒక పక్కకే అరిగి, కింద నేల కనిపించేంత పలచబడి ఉంది.