ఇల్లుగి రెప్పల మీద ఎవరో కూర్చున్నారు

మా లోయలో జీపుకి మొట్టమొదట గాలి కంప్రెసర్ బిగించినవాణ్ణి నేనే. కాదనేవాళ్ళెవరైనా ఉంటే నా దగ్గరికి పంపండి, కాఫీ పోసి మరీ ఒప్పిస్తాను. నా పేరు ఫిన్బోగి. ఎనభై రెండేళ్ళు. పళ్ళు పోయాయి గానీ నోరు పోలేదు.

ఆ మంగళవారం పొద్దున నేను షెడ్డులోకి వెళ్ళేసరికి ఇల్లుగి అప్పటికే ఇనప బద్దకి మూడో కన్నం వేస్తున్నాడు. మార్చి నెల. బయట ఎండ కాస్తున్నా చలి పళ్ళు కొరుకుతోంది. ఒకప్పుడు ఆ షెడ్డులో గొర్రెలు కోసేవాళ్ళు. కప్పు నుంచి వేలాడే కొక్కేలు అలాగే ఉన్నాయి. ఇల్లుగి వాటికి బెల్టులు తగిలించుకున్నాడు. తలుపు సందులోంచి గాలి దూరితే అవన్నీ ఒకేసారి ఊగుతాయి. ఆ రోజు గాలి లేదు. అయినా తలుపు దగ్గరి బెల్టు ఒక్కటే మెల్లగా ఊగుతోంది. ఎవరో లోపలికి వస్తూ భుజంతో రాసుకున్నట్టుగా.

ఇల్లుగికి అరవై తొమ్మిది. పొట్టి మనిషి. మెడ ఉందా లేదా అన్నది చొక్కాకే తెలియాలి. ఎడమ చెవి అంచు చిన్నప్పుడు మంచుకి చచ్చి, ఎలక కొరికిన రొట్టెలా ఉండేది. గోళ్ళ చుట్టూ ముప్పై ఎనిమిదేళ్ళ గ్రీజు. పెళ్ళి లేదు, ప్రయాణం లేదు. మేం పెద్దమంచు అని పిలిచే హిమానీనదం షెడ్డు కిటికీలోంచి తెల్లటి గోడలా కనిపిస్తూనే ఉంటుంది. లోయలో సగం బండ్లు ఇతను బిగించిన కంప్రెసర్ల గాలితోనే దాని మీదికి వెళ్ళి వచ్చాయి. తాను మాత్రం ఒక్కసారి కూడా ఎక్కలేదు.

డ్రిల్లు ఆపి ఆవలించాడు. మళ్ళీ ఆవలించాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఎవరో వస్తున్నట్టున్నార్రా," అన్నాను.

"స్వాలా. పదకొండింటికి వస్తానంది. బండి నిన్న వదిలేసి పోయిందిగా."

"అయితే ఆ పిల్ల ముందునీడే నీ రెప్పల మీద కూర్చుంది. బరువు బాగానే ఉన్నట్టుందే!"

"నువ్వు పక్కకి జరుగు. వెలుతురుకి అడ్డం."

మా దగ్గర మనిషి కంటే ముందు ఆ మనిషి నీడ చేరుతుంది. వచ్చి ఇంటివాడి రెప్పల మీద కూర్చుంటుంది, వాడికి నిద్ర ముంచుకొస్తుంది. మనిషి గడప లోపల అడుగు పెట్టగానే నీడ లేచిపోతుంది, నిద్రా పోతుంది. నాకు తెలిసి ఈ లెక్క ఎప్పుడూ తప్పలేదు.

బండి స్వాలా నాన్న ఓట్టార్‌ది. మంచు ఎంత కరిగిందో తెలిపే కొలత కర్రలు పెద్దమంచు మీద పాతి ఉంటాయి, వాటిని చూసి రావడం ఓట్టార్ పని. మంచు ఎక్కే ముందు చక్రాల్లో గాలి దాదాపు అంతా తీసేయాలి. అప్పుడు టైరు రొట్టెలా పరుచుకుని, బండిని మంచు మీద తేలుస్తుంది. దిగి రాళ్ళ బాట పట్టేముందు మళ్ళీ నింపాలి. నింపకుండా కదిలిస్తే టైరు ఊడి రిమ్ము రాళ్ళ మీద పడుతుంది. అందుకే బండిలోనే కంప్రెసర్, కింద గాలి ట్యాంకు. అయితే గాలిలో తడి ఉంటుంది, ఆ తడి ట్యాంకులో నీళ్ళవుతుంది. వారానికోసారి కుళాయి తిప్పి ఆ నీళ్ళు వదిలేయాలి. లేదంటే చలికి గడ్డకట్టి దారి మూసేస్తాయి.

ఆరేళ్ళ కిందట ఓట్టార్ రాళ్ళ బాట మొదట్లో ఆగాడు. నాలుగు చక్రాలూ చదునుగా ఉన్నాయి. కంప్రెసర్ తిరిగింది, గాలి రాలేదు. తుపాను వస్తోంది. ఊరికి పదకొండు కిలోమీటర్లే కదా అని నడిచాడు. బండి దొరికింది. మనిషి దొరకలేదు.

నీళ్ళు వదలడం మరిచాడని ఊరంతా అనుకుంది. మా కాఫీ హోటల్లో ఎవరు ఏది మరిచినా, "ఏంరా, ఓట్టార్ నీళ్ళా?" అనడం అలవాటైపోయింది. ఆ మాట మొదట అన్నది ఎవరో చెప్పాలా? నేనే. బాగా పేలింది కూడా.

స్వాలా పదకొండుకి అయిదు నిమిషాల ముందే వచ్చింది. ముప్పై ఏళ్ళ మనిషి, తండ్రి గడ్డం, తండ్రి నడక. ఇప్పుడు ఆ కొలత కర్రల పని ఆమెదే. బుధవారం పొద్దున ఎక్కాలి. గడపలో బూట్లు దులుపుకుని లోపలికి వచ్చింది.

"ఏం ముసలోళ్ళూ, బండి బతికుందా?"

"బండికేం, మమ్మల్ని అడుగు," అన్నాను.

ఇల్లుగి నవ్వబోయాడు. నవ్వు మధ్యలో ఆవలింత వచ్చింది. దవడ పట్టేసినంత పెద్దది. నేను అతని వంక చూశాను, అతను నా వంక చూశాడు. వచ్చే మనిషి వచ్చేసింది. నిద్ర మాత్రం లేచిపోలేదు.

"రాత్రి నిద్ర పోలేదా?" అంది స్వాలా.

"పోయాను. ఎనిమిది గంటలు," అన్నాడతను. ఇంకేం మాట్లాడకుండా బండి మీదికి వంగాడు.

పనిలో అతని చేతులు చూడాలి. తుక్కు కారులోంచి తీసిన కంప్రెసర్‌ని పసిపిల్లని ఎత్తినట్టు ఎత్తి ఇంజను పక్కన బద్ద మీద పెట్టాడు. రెండు పుల్లీల మీద ఇనప స్కేలు ఆనించి ఒక కన్ను మూసి చూశాడు. వెంట్రుకంత తేడా. వెనక ఒక పల్చటి వాషరు వేశాడు, మళ్ళీ చూశాడు. బెల్టుని బొటనవేలితో నొక్కి, అది ఎంత లొంగిందో చూసి తల ఊపాడు. గాలి పీల్చే గొట్టాన్ని ఇంజను దగ్గర వదలకుండా కన్నంలోంచి బండి లోపలికి, సీటు వెనక్కి లాగాడు. అక్కడైతే మంచు పొడి పీల్చదు. ఒక్కో మర బిగించాక ఆగి, కళ్ళు గట్టిగా మూసి తెరిచేవాడు.

మొదట్లో నేనొక గొప్ప చెప్పుకున్నాను కదా. అది ఇక దింపుకోవాలి. లోయలో మొదటి కంప్రెసర్ బిగించింది ఇల్లుగే. నేను టార్చి పట్టుకున్నాను. అది కూడా తన కళ్ళలోకే పట్టుకున్నానని అతను చచ్చేదాకా అంటూనే ఉన్నాడు. ఎవరైనా కాదంటే కాఫీ పోస్తానన్న మాట మాత్రం అలాగే ఉంది.

పన్నెండున్నరకి ఎండుచేప, వెన్న బయటికి తీశాం. ఇల్లుగి పంచదార బిళ్ళ పళ్ళ మధ్య పెట్టుకుని నల్లకాఫీ తాగాడు. రోజూ రెండు కప్పులు తాగేవాడు, ఆ రోజు అయిదు తాగాడు. రేడియోలో వార్తలయ్యాక ఎప్పటిలాగే చావు కబుర్లు చదువుతున్నారు. మూడో పేరు: ఇల్లుగి, మెకానిక్, తన పని చోట, ఈ రోజు.

నేను చేప ముక్క కింద పెట్టేశాను.

"ఉత్తరాన ఇంకో ఇల్లుగి ఉన్నాడులే," అన్నాడతను, వెన్న రాసుకుంటూ. "వాడూ మెకానికే. చెడ్డ మెకానిక్."

స్వాలా పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను, కానీ లేచి రేడియో చెవి తిప్పి ఆపేశాను.

తర్వాత ట్యాంకు పని. ఇల్లుగి బండి కింద వెల్లకిలా పడుకున్నాడు. బూట్లు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి. స్వాలా పక్కన చతికిలబడి బోల్టులు అందిస్తోంది. నేను పొయ్యి దగ్గర నా పని చేస్తున్నాను. అంటే కూర్చున్నాను.

"ఈ వాసన మారలేదు," అంది స్వాలా ఉన్నట్టుండి. "నాన్న శనివారం శనివారం నీళ్ళు వదిలేటప్పుడు గిన్నె నేనే పట్టుకునేదాన్ని. గాలి బుస్సుమని కొట్టి, గిన్నెలో నాలుగు చెంచాల మురికి నీళ్ళు పడేవి. 'అయిపోయిందమ్మా' అనేవాడు. ఆ వారం కూడా వదిలాం. నేను చెప్తే ఎవరూ నమ్మలేదు. చిన్నపిల్లవి, వారం తప్పుగా గుర్తుందన్నారు. చిన్నపిల్లనేంటి, నాకప్పుడు ఇరవై నాలుగు."

బండి కింద పానా చప్పుడు ఆగిపోయింది. నిద్రపోయాడనే అనుకున్నాను.

"వదిలాడు," అంది బండి కింది గొంతు.

"ఏంటి?"

"మీ నాన్న వదిలాడమ్మా. వదిలినా పోవు ఆ నీళ్ళు." బూట్లు కదల్లేదు. "కుళాయి ట్యాంకు అట్టడుగున ఉండాలి. రాయి తగిలి విరుగుతుందేమోనని నేను ట్యాంకుని తిప్పి, కుళాయిని పక్కకి పెట్టాను. పక్కనుంచి పైపైన ఉన్న నీళ్ళే పోతాయి, అడుగువి అడుగునే ఉంటాయి. బండిని లాక్కొచ్చిన రోజు నేనే ట్యాంకు కోసి చూశాను. అరచెయ్యి మందాన మంచు, పైపు మూతి దాకా. ఎవరికీ చూపించలేదు. పాత ఇనుములో పారేశాను."

స్వాలా చేతిలో బోల్టు ఉంది. దాన్ని వేళ్ళ మధ్య తిప్పుతూనే ఉంది. ఆమె ఏం చేస్తుందో నాకు తెలియలేదు. బండిని ఎత్తి పెట్టిన జాకీ పిడి ఆమె మోకాలి పక్కనే ఉంది. నేను దాని వంక చూశానని ఒప్పుకుంటున్నాను.

"అమ్మ పోయే ముందు రోజు కూడా అదే మాట అంది," అంది చివరికి. "ఒక్క కుళాయి తిప్పుకుని ఉంటే, అని. అలా అనుకుంటూనే పోయింది."

"తెలుసు. ఆసుపత్రికి వచ్చాను. తలుపు దాకా వచ్చాను."

"తలుపు దాకా."

"అవునమ్మా."

ఆమె నా వైపు తిరిగింది. "ఫిన్బోగీ. విన్నావా?"

"విన్నాను."

"ఆ నీళ్ళ మాట కనిపెట్టింది నువ్వే కదా. ఇకనుంచి ఇది చెప్పు. అది ఎంత బాగా చెప్పావో ఇదీ అంత బాగా చెప్పాలి."

ఎనభై రెండేళ్ళలో నన్ను ఎవరూ ఇంత చిన్న మాటతో ఇంత పెద్ద పనికి పెట్టలేదు.

తర్వాత ఆమె కోటు విప్పి, బండి కింద అతని పక్కనే వెల్లకిలా పడుకుంది. "ఈసారి కుళాయి ఎక్కడ?"

"అడుగున. దాని కింద రేకు కాపు వేశాను, రాయి తగలకుండా. చెయ్యి పెట్టి చూడు."

"ఇటా తిప్పాలి?"

"అటు. ఆఁ. గాలి ఆగేదాకా కాదు, నీళ్ళు ఆగేదాకా వదలాలి."

రెండు జతల బూట్లు పక్కపక్కన. అంతకు మించి నేను చూడలేదు.

మూడింటికి ఇంజను తిప్పారు. కంప్రెసర్ టక్కున పట్టుకుంది. మీటరు ముల్లు మెల్లగా పైకి పాకింది. ఇల్లుగి ప్రతి అతుకు మీదా సబ్బునురగ రాసి, ముక్కు ఆనించినంత దగ్గరగా చూశాడు. ఒక్క బుడగ లేవలేదు. చదునుగా ఉన్న చక్రానికి గొట్టం తగిలిస్తే, పడుకున్న గుర్రం ముందు కాళ్ళ మీద లేచినట్టు బండి లేచింది. నాలుగు చక్రాలూ నిండాయి.

"ఎక్కి దిగొచ్చాక వస్తాను," అంది స్వాలా అతనితో. "అప్పుడు మాట్లాడతాను నీతో. ఇవాళ నావల్ల కాదు."

"సరే."

అతను వెళ్ళి, పాత బస్సులోంచి ఊడబీకి తెచ్చుకున్న సీటులో కూర్చున్నాడు. పాలిపోయాడు. రెప్పలు సగానికి దిగిపోయాయి. చెయ్యి ఒకటి గుండె మీద పెట్టుకున్నాడు, జేబులో ఏదో వెతుక్కుంటున్నట్టు.

"ఇంకా రాలేదు," అన్నాడు నాతో.

"ఎవరు?"

"పొద్దుటినుంచీ నా రెప్పల మీద నీడని కూర్చోబెట్టినవాడు."

"డాక్టర్ని పిలవనా?"

"ముందు ఆ పిల్లని గేటు దాటించు. వెనక చక్రం రాసుకుంటోందేమో చూసి రా."

వెళ్ళాను. స్వాలా బండిని మెల్లగా గేటు దాటించింది. నేను పక్కనే నడుస్తూ చక్రం చూశాను. ఎక్కడా రాసుకోవడం లేదు. అయిదు నిమిషాలు, కాదంటే ఆరు. షెడ్డుకి తలుపు అదొక్కటే. దాని ఎదురుగా ఆరు నిమిషాలూ నేనే ఉన్నాను. లోపలికి పోయినవాడు లేడు.

తిరిగి వెళ్ళేసరికి ఇల్లుగి పోయాడు. పోయినవాళ్ళని చాలామందిని చూశాను. నిద్రలో పోయినట్టే ఉంటారు. ఇతను అలా లేడు. కళ్ళు పూర్తిగా తెరుచుకుని ఉన్నాయి, పొద్దుటినుంచీ లేనంత తేటగా. సీటు అంచుకి జరిగి, వచ్చినవాళ్ళకి లేచి చోటివ్వబోయే మనిషిలా ఉన్నాడు. నిద్ర ఆనవాలే లేదు.

స్వాలా రెండు రోజులు ఆగి, అతన్ని పాతిపెట్టక ముందే పెద్దమంచు ఎక్కింది. మంచు ఎవరి కోసమూ ఆగదు. సాయంత్రం రాళ్ళ బాట దగ్గర పావుగంటలో నాలుగు చక్రాలూ నింపుకుని దిగొచ్చింది. నేరుగా చర్చికి వెళ్ళి, శవపెట్టె పక్కన కూర్చుని అతనితో మాట్లాడింది. ఏం మాట్లాడిందో నాకు తెలియదు. నేను తలుపు దాకే వెళ్ళాను.

నేను మాత్రం మాట తప్పలేదు. కాఫీ హోటల్లో, చేపల రేవులో, వినేవాళ్ళున్న ప్రతి చోటా ఇదే చెప్తున్నాను: ఓట్టార్ నీళ్ళు వదిలాడు. బాగా చెప్పమంది కనక కాస్త ఉప్పు కూడా వేశాను. రేడియోలో ఇల్లుగి పేరు వినబడటం నా కల్పన. ఆ రోజు చదివిన పేర్లు ముగ్గురు ముసలమ్మలవి. కుళాయి సంగతిలో ఒక్క అక్షరం కలపలేదు. గేటు దగ్గర్నుంచి తిరిగొచ్చేసరికి పొయ్యి పైన తీగ మీద ఆరేసి ఉన్న, అంతకుముందు అక్కడ లేని ఉన్ని చేతితొడుగుల సంగతిలోనూ కలపలేదు. ఒక్కోదానికి రెండేసి బొటనవేళ్ళు, ఒక వైపు తడిస్తే తిప్పి వేసుకునే పాతకాలపు పడవవాళ్ళవిలాగా. మా లోయలో అలా అల్లే చెయ్యి ఓట్టార్ తల్లితోనే పోయింది, ఓట్టార్ మంచు ఎక్కేటప్పుడు వేసుకునేవి ఆమె అల్లినవే. ఎండ కాసిన ఆ రోజున, అంత వేడి పొయ్యి మీద, వాటి ఉన్నిలో పట్టుకున్న మంచు ఇంకా కరగలేదు.