మా అమ్మ బుట్టకి అద్దాల పెట్టె

మ్యూజియంలోంచి వస్తువులు కొట్టేసినవాళ్ళ గురించి మీరు వినుంటారు. నేను మ్యూజియంలో వస్తువు పెట్టొచ్చినోణ్ణి. పోలీసులక్కూడా దీనికి ఏ కేసు రాయాలో తెలీదు.

ఫ్రాన్సులో లియోన్ నగరంలో, కొండమీద మా పేట. ఒకప్పుడు ఇంటింటా పట్టు నేసేవాళ్ళు. ఇప్పుడు మగ్గాలు పోయి, మేడమీద రెండు గదుల మ్యూజియం మిగిలింది. కింద గుమ్మం పక్కన నల్లరాతి పలక. యుద్ధంలో జర్మనోళ్ళు కాల్చేసిన మా వీధివాళ్ళు ఐదుగురి పేర్లు దానిమీద. రెండో పేరు మా అమ్మ అన్నయ్య మారియుస్‌ది. నేను పెళ్ళిలో, చావులో, చర్చిలో కూడా కోతి వేషాలు వేసినోణ్ణే. ఆ పలక ముందు మాత్రం టోపీ తీసి నోరు మూస్తాను. టోపీ నెత్తినుంటే నా మాట నమ్మొద్దని పేటంతా చెప్పుకుంటారు. సబబే.

పన్నెండేళ్ళ కిందట నా నేస్తం లూసియాన్ కాఫీకొట్లో వాడూ నేనూ కూచుని బోజోలే వైను తాగుతున్నాం.

"ఒరేయ్ బార్నబే, మ్యూజియంలో ఏం పెట్టినా జనం నోరెళ్ళబెట్టి చూస్తార్రా" అన్నాడు వాడు.

"నీ తలకాయ పెడదామా?"

"పనికొచ్చేది పెట్టాలిరా!"

ఆ ఆదివారమే మా అమ్మ సలాడ్ బుట్ట పట్టుకెళ్ళాను. తీగలతో అల్లిన గుండ్రటి బుట్ట, రెండు పిడులు. కడిగిన ఆకులు అందులో వేసి, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి గిరగిరా తిప్పితే నీళ్ళన్నీ దారినపోయేవాళ్ళ నెత్తిన పడేవి. కాపలావాడు భోజనానికి పోయాక యుద్ధం వస్తువుల అరలో పెట్టి, లూసియాన్ చేత అందంగా చీటీ రాయించాను: "రహస్య వార్తలు మోసిన పావురాల బుట్ట, 1943."

ఆర్నెల్ల తర్వాత చూద్దును కదా, దానికి అద్దాల పెట్టె, తాళం, పైన లైటు! మా అమ్మ బతికున్నన్నాళ్ళూ మా వంటింట్లో కూడా అంత వెలుగు లేదు.

మా పేటవాళ్ళు సొంత మ్యూజియం గడప తొక్కరు, అది పైఊరోళ్ళ కోసమని వాళ్ళ నమ్మకం. అందుకే నా గుట్టు బయటపడలేదు. పోయినేడు మా అక్క కూతురు సోలెన్ అందులో గైడుగా చేరింది. తాత్కాలికం. ఈ సెప్టెంబరులో, పాత కట్టడాలన్నీ ఊరికే చూపించే రోజున, మ్యూజియం సంఘం నుంచి మదాం వాష్రో వచ్చి సోలెన్ మాట్లాడేది విని ఉద్యోగం ఖాయం చెయ్యాలో వద్దో తేలుస్తుందట.

దానికి ముందు ఆదివారం భోజనాల దగ్గర సోలెన్ అంది: "మామయ్యా, నా ప్రసంగానికి గుండెకాయేంటో తెలుసా? పావురాల బుట్ట!"

నోట్లో ఉన్న చేపముద్ద నాకు పొలమారింది. "మగ్గం గురించి చెప్పరాదుటే?"

"మగ్గం గురించి అందరూ చెప్తారు మామయ్యా. బుట్ట మన దగ్గరే ఉంది!"

ఉందిమరి. చెప్పలేకపోయాను. పిల్ల మొహం అలా వెలిగిపోతోంది.

ఆ రోజు పదిమంది వచ్చారు. మదాం వాష్రో చేతిలో పుస్తకం, ముక్కుమీద కళ్ళద్దాలు. ముందు వరసలో మా పక్కింటి ముసలావిడ మదాం పెరాషోన్, ఇద్దరు నేస్తాలతో. సోలెన్ పెట్టె చూపించగానే పెరాషోన్ చెంపలు పట్టుకుంది.

"అయ్యో! ఇలాంటిది మా వంటింట్లో ఉండేదే!"

హమ్మయ్య, ముసల్ది చెప్పేస్తుంది అనుకున్నాను.

"అంటే... మా నాన్న కూడా జర్మనోళ్ళ మీద పోరాడాడన్నమాట! ఒక్కనాడన్నా చెప్పలేదే!" అని ఏడుపందుకుంది.

"మా ఇంట్లో రెండుండేవే!" అంది పక్కావిడ.

"రెండా? అయితే మీ నాన్న దళనాయకుడే అయ్యుంటాడు!"

ఐదు నిమిషాల్లో మా కొండమీద వీరుడు లేని ఇల్లు లేదు. నేను నవ్వాపుకోలేక స్తంభం చాటుకి పోయాను.

అప్పుడు సోలెన్ కింద గుమ్మం వైపు వేలు చూపించింది. "కింద పలకమీద రెండో పేరు మా అమ్మమ్మ అన్నయ్యది. పావురాలు మోసింది ఆయనే అయ్యుండొచ్చు."

నా నవ్వు అక్కడే చచ్చింది. మారియుస్ పావురాలు మొయ్యలేదు. తోపుడుబండిలో రొట్టెల కింద కరపత్రాలు మోశాడు. ఇరవైరెండేళ్ళకి పట్టుబడ్డాడు. ఆయన చేసింది చాలు, దానికి నా అబద్ధం అతుకు పెట్టక్కర్లేదు.

ముందుకొచ్చి టోపీ తీశాను. "అది సలాడ్ బుట్ట. మా అమ్మది. నేనే పెట్టాను."

"నోర్మూసుకో బార్నబే!" అని లేచింది పెరాషోన్. "పోయినేడు నా పిల్లికి పింఛను వచ్చిందని ఉత్తరం రాసింది నువ్వు కాదూ? ఇప్పుడు మా నాన్నని లాగుతున్నావా?"

"ఈయన ఎవరు?" అంది మదాం వాష్రో.

"మా మేనమామండీ" అంది సోలెన్, ఉన్న రోగం డాక్టరుకి చెప్పినట్టు.

కానీ నా చేతిలో టోపీ వంక చూసింది. తర్వాత తాళం తీసి, బుట్ట పట్టుకుని, ఎదురుగా సంతలోంచి సలాడ్ ఆకులు తెప్పించింది. కడిగి, అందులో వేసి, కిటికీలోంచి గిరగిరా తిప్పింది.

"ఎవడ్రా అది?" కింద చుట్ట కాల్చుకుంటున్న లూసియాన్ అరిచాడు. తడిసిన చుట్ట నోట్లో ఉండగానే.

ముసలమ్మలు ముగ్గురూ ఒక్కసారి గలగలా నవ్వేశారు. వాళ్ళమ్మలు గుర్తొచ్చినట్టున్నారు.

సోలెన్ మదాం వాష్రో వైపు తిరిగింది. "ఏడాదిగా నేను అబద్ధం చెప్పానండీ. తెలీకే, కానీ చెప్పాను. లోపల ఒక్కటి అబద్ధమైతే, బయట ఆ ఐదు పేర్లని ఎవరు నమ్ముతారు? ఈ చీటీ ఇవాళే తీసేస్తాను. ఉద్యోగం మీ ఇష్టం."

మదాం వాష్రో పుస్తకం మూసింది. చెవులు ఎర్రగా అయ్యాయి.

"నేనూ ఐదేళ్ళ కిందట ఇక్కడే దీన్ని చూశాను" అంది మెల్లగా. "ఇంటికెళ్ళి మా నాయనమ్మ బుట్టని పట్టుగుడ్డలో చుట్టి బీరువాలో దాచాను. తప్పు చెప్పానని తెలిశాక ఒప్పుకున్నవాళ్ళని మా సంఘంలో నిన్నొక్కదాన్నే చూశాను అమ్మాయ్. సోమవారం వచ్చి సంతకం పెట్టు."

బుట్ట ఇప్పటికీ పెట్టెలోనే ఉంది. చీటీ మారింది: "సలాడ్ బుట్ట. పావురాలదని బార్నబే అబద్ధమాడి పెట్టాడు." మా మారియుస్ రొట్టెల బండి గురించి పక్కనే ఇంకో చీటీ, అది నేను చెప్తే సోలెన్ రాసింది. నాకు శిక్షేంటంటే, ఏటా ఆ రోజు కిటికీ దగ్గర నిలబడి సలాడ్ తిప్పాలి. లూసియాన్ ఆ రోజుకని ఇప్పుడే గొడుగు కొనేశాడు.

పెరాషోన్ మాత్రం మెట్లమీద దొరికినప్పుడల్లా అడుగుతుంది: "సలాడ్ బుట్టలోనే పావురాల్ని పెట్టుండొచ్చుగా బార్నబే?"

"ఉండొచ్చు మదాం, ఉండొచ్చు" అంటాను.

టోపీ తియ్యకుండానే.