మా గాడిదలు ఆగే చోటు

నా రాతలో తప్పులుంటే మన్నించండి. ఒత్తులు నాకింకా పూర్తిగా లొంగలేదు. ఒక పేజీ నిండేసరికి పొయ్యి మీద కూర అడుగంటిపోయేంత నెమ్మది నాది. అరవై దాటాక మనవరాలి పక్కన కూర్చుని, అది పలక మీద దిద్దుతుంటే చూసి చూసి నేర్చుకున్న అక్షరాలివి. కాబట్టి తిన్నగా విషయానికొచ్చేస్తాను.

మాకు గాడిదలున్నాయి. ఇటుక బట్టీలో పని. కింద మైదానంలో ఆరిన పచ్చి ఇటుకల్ని గాడిదల వీపుకి రెండు పక్కలా వేలాడే గోనె సంచుల్లో పేర్చి, మట్టి దారి మీదుగా పైన బట్టీ నోటిదాకా చేర్చాలి. దారి ఏటవాలు. పైగా ఇరుకు. ఒకదాని వెనక ఒకటి పోవాల్సిందే. నేను కింద నింపుతాను, కోడలు పైన దింపుతుంది. మధ్యలో మనిషి అక్కర్లేదు. గాడిదలే వెళ్తాయి, గాడిదలే వస్తాయి. కొత్తగా వచ్చిన గాడిదకి మేమేమీ నేర్పం. రెండు రోజులు పాతదాని వెనక కట్టి వదుల్తాం. ఎక్కడ కాలు జారుతుందో, ఏ మలుపులో ఒరిగి నడవాలో మూడో రోజుకి దానికే తెలిసిపోతుంది.

మా ఆయన ఉన్నన్నాళ్ళూ ముందు గాడిద తాడు పట్టుకుని తనే నడిచేవాడు. సగం దారిలో ఒక పాత మొండిగోడ ఉంది. పైకి వెళ్ళే ప్రతిసారీ అక్కడ కాసేపు ఆగేవాడు. "రోజుకి ఇన్నిసార్లు అక్కడేం పనయ్యా నీకు?" అంటే "పొగ" అనేవాడు. ఆ పొగ గురించి మా ఇంట్లో జరగని గొడవ లేదు. చివరికి ఛాతీ జబ్బుతోనే పోయాడు. మనిషి పోయినా నా కోపం పోలేదు. నాలుగేళ్ళు దాటినా అగ్గిపెట్టె కంటబడితే మొహం తిప్పుకునేదాన్ని.

గాడిదలు మాత్రం ఆ గోడ దగ్గర ఆగడం మానలేదు. ముందు నడిచే ముసలిదాన్ని మేం పెద్దమ్మ అంటాం. పెద్దమ్మ ఆగుతుంది, వెనకవన్నీ ఆగుతాయి. కాసేపటికి అది చెవులు విదిలించి అడుగు వేస్తుంది, అన్నీ కదుల్తాయి. పోయిన ఏడు పెద్దమ్మకి కాలు వాస్తే ఇంటి దగ్గరే కట్టేశాం. అయినా ఇప్పుడు నడిచే నాలుగూ ఆగుతూనే ఉన్నాయి. వాటిలో తెల్లమూతి అనేది పెద్దమ్మని కట్టేశాక కొన్నది. అది ఆయన్ని చూడలేదు, పెద్దమ్మ వెనక ఒక్కరోజు నడవలేదు. అన్నిటికంటే బుద్ధిగా ఆగేది అదే!

పాత మేస్త్రీ ఏమీ అనేవాడు కాదు. కొత్త మేస్త్రీ వచ్చిన వారానికే నన్ను పిలిచాడు.

"ఏమమ్మా, నీ గాడిదలు ఆ గోడ దగ్గర ఏం మీటింగు పెట్టుకుంటున్నాయి?"

"అలవాటండీ."

"ఎవరిది?"

నేను కొంగు నడుముకి దోపుకున్నాను.

"వాటి వెనక మూడు మందలు దారిలో నిలబడిపోతున్నాయి. నీ గాడిదలకి మీటింగు ఉందని బట్టీలో నిప్పు ఆగదు కదా? శనివారంలోగా మానిపించు. లేకపోతే నీ చోట్లో వేరే మందని పెట్టుకుంటాను."

"మానిపిస్తానండీ" అన్నాను గానీ ఎలాగో తెలిస్తేగా! ఈ వయసులో కుంటిదాన్ని కూడా వెంటేసుకుని ఇంకో బట్టీ వెతుక్కోవడం మాటలు కాదు. మనవరాలి బడి ఇక్కడుంది. లారీ మీద తిరిగే కొడుకు నెలకోసారి వచ్చేదీ ఇక్కడికే.

సోమవారం కోడలు కర్ర పట్టుకుని గోడ దగ్గర నిలబడింది. అరిచింది, అదిలించింది. గాడిదలు ఆగి, కోడలి మొహంకేసి చూసి, వాటి టైము అయ్యాకే కదిలాయి.

"సిగ్గుపడతాయేమో అనుకున్నా అత్తయ్యా" అంది సాయంత్రం. "నాకే సిగ్గేసింది."

మంగళవారం గోడ పక్కన ముళ్ళకంప పరిచాం. రెండడుగులు ముందే ఆగాయి.

బుధవారం నేను కబుర్లాయన దగ్గరికి వెళ్ళాను. ఆయనది మా వెనక మంద, ఆరు గాడిదలు. మా ఆయన్ని అన్నయ్యా అనేవాడు, నన్ను వదినా అంటాడు. నోరు తెరిస్తే పొద్దు గడిచిపోతుంది.

"నువ్వు చెబితే వింటాయా వదినా?" అన్నాడు. "నీ మాట నీ మొగుడే వినలేదు. వాటికి ఇంకో గాడిద చెప్పాలి. నా వాటి మధ్యన కట్టెయ్. ఒకటి నాది, ఒకటి నీది. ముందు అడ్డం లేకపోతే నావి ఎక్కడా ఆగవు. రెండు రోజుల్లో దారికొస్తాయి."

నాకు నచ్చింది. గురువారం పొద్దున అలాగే కట్టాం. మొదటి నడకలోనే గోడ దగ్గర తాడు బిగిసింది. ఆయనవి ముందుకి లాగితే మావి వెనక్కి లాగాయి. ఒక సంచి జారి ఇటుకలు కిందిదాకా దొర్లుకుంటూ వచ్చాయి. రెండో నడకలో కొంచెం నయం. సాయంత్రానికి తెల్లమూతి తప్ప మిగతావి ఆగకుండా వెళ్ళాయి. శుక్రవారం పొద్దున అదీ వెళ్ళింది. నా గుండెల మీద బరువు దిగినట్టయింది. మధ్యాహ్నం అన్నం తిన్నాక కోడలూ నేనూ రేపటి గురించి మాట్లాడుకోవడం కూడా మానేశాం.

అప్పుడు పైనుంచి కబుర్లాయన కేక వినిపించింది. "వదినా! ఒకసారి ఇలా రా!"

ఎక్కి వెళ్ళాను. పది గాడిదలూ గోడ దగ్గర నిలబడి ఉన్నాయి. అన్నిటికంటే ముందు ఆయన గాడిద. బాగా పొగరుబోతుది, దాన్ని దొరగారు అంటాడు. దొరగారు తల వంచుకుని తీరిగ్గా నిలబడ్డాడు.

"నా వాటికి ఇదేం రోగం అంటించావు? పొద్దున్నించి బాగానే ఉన్నాయి. ఎండెక్కింది, దొరగారు ఆగాడు. ఇక అన్నీ ఆగాయి!"

"నన్నంటావేం? నీ వాటిని చూసి మావి మారతాయని చెప్పిందెవరు?"

కబుర్లాయన దొరగారి మెడ మీద చెయ్యేశాడు.

"అన్నయ్య ఇక్కడే ఇలాగే నిలబడేవాడు" అన్నాడు.

"అవును, పొగ పీలుస్తూ."

"పొగెక్కడిది వదినా? చివరి మూడేళ్ళూ ఒక్కటి ముట్టించలేదు. సగం దారికే ఊపిరాడేది కాదు. పెద్దమ్మ మెడ పట్టుకుని ఇరవై ఊపిర్లు లెక్కపెట్టుకుని కదిలేవాడు. నీకు తెలిస్తే పనికి పంపవు, పాత మేస్త్రీకి తెలిస్తే రానివ్వడు. నా చేత ఒట్టేయించుకున్నాడు."

నేను గోడకి ఆనుకున్నాను. మా ఆయన జేబులో ఎప్పుడూ ఒక అగ్గిపెట్టె ఉండేది. చొక్కా ఉతికేముందు తీసి పక్కన పెట్టేది నేనే. ఎప్పుడు తీసినా నిండుగానే ఉండేది. అదెందుకు అయిపోదో నేను ఒక్కనాడూ ఆలోచించలేదు.

"ఊళ్ళో కబుర్లన్నీ నీ నోట్లోనే ఉంటాయి. ఈ ఒక్కటీ దాచావా?"

"అదొక్కటే దాచాను" అన్నాడు.

శనివారం తాళ్ళు విప్పి ఎవరి మందని వాళ్ళం నడిపించుకున్నాం. మావి ఆగాయి. ఆయనవి ఆగాయి. ఆ వెనక మంద కూడా ఆగింది. నిన్న మధ్యాహ్నం నుంచి మా పదింటి వెనక నిలబడి నిలబడి అవీ నేర్చుకున్నాయి. పదకొండు గంటలకి మేస్త్రీ కింది నుంచి అరుచుకుంటూ బయలుదేరాడు. వెనకే నేను. నా చోటు పోయిందని నాకు తెలుసు. ఇంటికెళ్ళాక కోడలికి ఏ మాటతో మొదలుపెట్టాలా అని ఆలోచిస్తున్నాను.

మేస్త్రీ ఆ దారిన ఎప్పుడూ నడవడు. అవతల మెట్లున్నాయి. "ఒక్క మనిషి అలవాటుకి... బట్టీ మొత్తం... రేపట్నుంచి ఒక్కొక్కళ్ళని..." అంటూ మొండిగోడ దాకా వచ్చాడు. అక్కడ మాట రాలేదు. నోరు తెరిచే ఉంది. చెయ్యి చాపితే తెల్లమూతి వీపు దొరికింది. దాని మీద బరువంతా వేసి నిలబడ్డాడు. తెల్లమూతి కదల్లేదు.

"ఇరవై అయ్యేదాకా మాట్లాడకండి మేస్త్రీ గారూ" అన్నాడు కబుర్లాయన.

పైన కోడలు నవ్వు ఆపుకోలేక ఇటుకల గుట్ట వెనక దాక్కుంది. మేస్త్రీ మొహం కందగడ్డలా అయింది. కానీ మాట్లాడలేదు. తెల్లమూతి చెవులు విదిలించి కదిలాక, తనూ దాని వెనకే పైకి నడిచాడు.

నేను రోజంతా పిలుపు కోసం చూశాను. పిలవలేదు. సోమవారం పొద్దున మేం వెళ్ళేసరికి నలుగురు పనివాళ్ళు మొండిగోడ పడగొట్టి, గట్టు చెక్కి, ఒక మంద పక్కకి నిలబడేంత చోటు చేస్తున్నారు.

"గాడిదల కోసం కాదు" అన్నాడు మేస్త్రీ నన్ను చూసి. "అక్కడ ఇటుకలు రాసుకుని విరుగుతున్నాయి."

"అలాగేనండీ" అన్నాను.

ఆ వారంలోనే కొడుకు లారీ దిగి ఇంటికొచ్చాడు. చేతులు కడుక్కుంటుంటే నీళ్ళు పోస్తూ చెప్పాను. "మీ నాన్న ఆ గోడ దగ్గర పొగ తాగేవాడు కాదురా."

"మరి?"

"ఊపిరి తీసుకునేవాడు."

వాడు తడి చేతులు చొక్కాకి తుడుచుకున్నాడు. "అయితే నువ్వు తిట్టిందంతా?" అన్నాడు.

"తిట్టిందంతా ఉత్తదే" అన్నాను. "నీ కూతురికి కూడా చెప్పు. నేను చెబితే ఏడుస్తాను."

ఇది రాసింది బట్టీలో అందరూ గాడిదలమ్మ అని పిలిచే మనిషి. వయసు అరవై నాలుగు. ఇప్పుడు ఉంటున్నది బట్టీ వెనక వరసలో చివరి రెండు గదుల ఇంట్లో, కోడలితో, మనవరాలితో.