కొయ్య చెప్పే మాట

తెల్లవారినా ఆకాశం తెల్లబడలేదు. తూర్పున మబ్బు మసిబట్టిన పెనంలా కదలకుండా ఉంది. ఆకు కూడా ఆడని ఆ పొద్దున క్లెమెంట్ కొత్త ఇంట్లో నిచ్చెనెక్కి, నీలగిరి దుంగకూ కప్పుకూ మధ్య చెక్కముక్క పెట్టి సుత్తితో బిగిస్తున్నాడు.

ఉన్నది ఒక్క గది. దాని నిండా దుంగలే. మనిషి పక్కకు తిరిగి నడవాలి. కిటికీ వెలుతురు వాటి మధ్య చిక్కుకుని అవతలి గోడను చేరదు. బంగారు గనిలో రాతికప్పు కింద కొయ్యలు నిలబెట్టడమే అతని పని. గని మూతబడ్డాక చేతులు మరో పని నేర్వలేదు.

పోయిన క్రిస్మస్‌కు ముందు తుఫాను కేజీఎఫ్‌లో గని కూలీల వరసలోని వాళ్ల లైనింటిని కూల్చింది. క్లెమెంట్ భార్య ఆగ్నెస్‌కు ఒక చెల్లెలు, మోనికా; గోడ పక్కన పడుకున్న ఆమె మళ్లీ లేవలేదు. అప్పట్నుంచి మొగుడూ పెళ్లాం టేకల్ ఊరి దగ్గర, పాత స్నేహితుడు బచ్చప్ప పట్టుపురుగుల గదిలో తలదాచుకున్నారు. ఇంటికి జాగా ఇచ్చిందీ అతనే. ఈ సాయంత్రం ఆ గదిలోకి కొత్త విడత పురుగులు వస్తాయి. ఖాళీ చేయాలి. ఆగ్నెస్ మాత్రం కొత్త గడప తొక్కనంటోంది.

బచ్చప్ప గుమ్మంలోంచి తొంగి చూశాడు.

“ఏం క్లెమెంటన్నా, ఇల్లు కట్టినావా, నీలగిరి తోపు ఏసినావా?”

క్లెమెంట్ సుత్తి ఆగలేదు. గనిలో మిషన్ల మోతకు ఆ చెవులు ఎప్పుడో మందగించాయి. బచ్చప్ప దగ్గరికెళ్లి అదే మాట అరిచాడు.

“గోడ చెప్పకుండా పడతాది. ఇనుము చెప్పకుండా ఇరుగుతాది,” అన్నాడు క్లెమెంట్. “కొయ్య అట్ల కాదప్పా. పడేముందు మూలుగుతాది. ఆ మూలుగు ఇని ఎంతమంది బతికినామో.”

మధ్యాహ్నం ఆగ్నెస్ సంచి సర్దుకుని గుమ్మం బయట నిలబడింది.

“నేను ముళబాగిలు పోతా, అక్క కూతురింటికి. నీతో గనిలోకి దిగేదానికి పెండ్లి చేసుకోలేదు నేను.”

“ఇంగ భయమేంది? చూడు, ఎట్ల నిలబడినాయో.”

అప్పుడు అతని వెనక, మూలనున్న దుంగ పలికింది. ముందు సన్నగా, గొంతు పట్టేసిన మనిషి పిలిచినట్టు. తర్వాత టక్కుమని. ఆగ్నెస్ ఒక అడుగు వెనక్కి వేసింది. క్లెమెంట్ దాని పక్కనే, నవ్వుముఖంతో ఆమెకేసి చూస్తూ నిలబడ్డాడు.

“ఇనబడిందా?” అంది.

“ఏంది?”

ఆమె ఆ దుంగను చూసింది, తర్వాత అతని చెవులను. ముళబాగిలు బస్సు హారన్ దూరంగా వినిపించి, దాటిపోయింది.

“పచ్చి కొయ్య ఏసినావు,” అంటూ పక్కకు తిరిగి లోపలికొచ్చింది.

పొద్దుగూకే వేళకు గాలి లేచింది. దుంగల మధ్య మోకాళ్లు తగిలేంత దగ్గరగా తినడానికి ఎదురెదురు కూర్చున్నారు. ప్రార్థన పెదవులతోనే ముగించారు. రాగిముద్దను నమలరు, మింగుతారు. అందుకని తినే చప్పుడు కూడా లేదు. దుంగ మూలిగి ఆగ్నెస్ చేయి మధ్యలో ఆగినప్పుడల్లా క్లెమెంట్ చేయీ ఆగుతోంది, అతని చూపు ఆమె ముఖం మీద నిలుస్తోంది. ఆమె మళ్లీ ముద్ద తుంచితేనే తనూ తుంచుతున్నాడు.