రాజోలు ఫ్లాపీ

గర్రుమంటున్న కంప్యూటరు మీద చెయ్యి వేసి విజయకుమారి ఊపిరి బిగబట్టింది. నెలనెలా ఇదే భయం. రాజోలు బ్యాంకులో ఖాతా లెక్కలు ఎక్కించి ఇచ్చిన ఫ్లాపీని కొంగులో చుట్టుకుని, బస్సులో పాటల పెట్టెకు దూరంగా కూర్చుని అమలాపురం తెచ్చినా, దారిలో ఏ అయస్కాంతమో సోకి చెరిగిపోయిందేమోనని. ఫైలు తెరుచుకుంది.

రొయ్యల మేత దుకాణంలో లెక్కలు ఆమెవి. రైతులు డబ్బు కట్టే యజమాని పెద్దిరాజు ఖాతా రాజోలులో ఉంది. విజయకుమారి కూతురు క్రిస్టీనా కూడా ఆ ఊళ్ళోనే ఉంది. నచ్చినవాణ్ణి చేసుకుందని, "దాని గడప తొక్కితే మళ్ళీ నా గడప తొక్కకు" అన్నాడు విజయకుమారి భర్త దేవదానం. బ్యాంకు పని ఉన్న రోజు మాత్రం ఎక్కడికని అడగడు.

"విజయకుమారి గారూ, బ్యాంకువాళ్ళు ఈ లెక్కల ఫైలు ఇప్పుడు ఇంటర్నెట్లో కూడా ఇస్తున్నారండి. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. మీరు ఏదంటే అదే," అన్నాడు పెద్దిరాజు.

ఆమె కొత్త ఫైలులో తప్పు వెతికింది. ఆశగా వెతికింది. తేదీలు తారుమారు కాలేదు. చెక్కు నెంబరు ముందున్న సున్నాలు ఎగిరిపోలేదు. కావాలని రెండోసారి ఎక్కించినా జమ రెండుసార్లు పడలేదు. ఫ్లాపీ ఫైలులోనేమో పేరుకిచ్చిన గడి చిన్నది. అన్నవరం దేవుడి పేరు పెట్టుకున్న రైతులంతా 'వీర వెంకట సత్య' దగ్గరే తెగిపోయి ఒకేలా కనిపిస్తారు.

అంతలో అల్లవరం రైతు వీర వెంకట సత్యప్రసాద్ వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"బ్యాంకులో డబ్బు కట్టేనండి. కట్టలేదని మేత ఆపేసేరు. ఆకలికి రొయ్యలు ఒకదాన్నొకటి పీక్కు తింటన్నాయండి."

ఆమె ఖాతా పుస్తకం తీసి చూసింది. అతని జమ ఎవరో వీర వెంకట సత్యనారాయణకి రాసేసింది.

"వీర వెంకట సత్యాలు మా ఊళ్ళో వీధికి నలుగురండి. మీ కంప్యూటరుకి అందరం ఒకటేనాండి?"

కొత్త ఫైలులో అతని పేరు ఇంటిపేరుతో సహా చివరిదాకా ఉంది. మేత బస్తాలు వెంటనే ఆటో ఎక్కించి, పెద్దిరాజు దగ్గరికి వెళ్ళింది.

"కొత్తదే బావుందండి."

"అయితే రాజోలు తిరుగుడు తప్పింది మీకు," అని నవ్వాడాయన.

"ఆయ్," అంది.

మర్నాడు రాజోలు వెళ్ళి, ఫ్లాపీ ఇక వద్దన్న ఉత్తరం బ్యాంకులో ఇచ్చి, కూతురింటికి నడిచింది. తెచ్చిన స్టీలు డబ్బాలోంచి సున్నుండలు ఒక పళ్ళెంలోకి తీసి, కడుపుతో ఉన్న క్రిస్టీనా పాదం మీద వేలితో నొక్కి చూసింది. పడిన గుంట తొందరగా పూడలేదు.

"నీరు పట్టిందే. డాక్టరుకి చూపించేవా?"

"చూపించేనమ్మా. నీకు అన్నీ భయాలే."

"ఒక్కదానివీ నూతి దగ్గరికి వెళ్ళకు. కళ్ళు తిరుగుతాయి."

"పై నెల బ్యాంకుకి పెందరాళే రామ్మా. ఇక్కడే అన్నం తిందువుగాని."

"అలాగేలే."

బస్సు వేళకు క్రిస్టీనా డబ్బా కడిగి తెచ్చింది. ఖాళీగా ఇవ్వకూడదని లోపలికి వెళ్ళి పంచదార వెతకబోయింది.

"ఉండనీయవే. మళ్ళీ వచ్చినప్పుడు నింపి ఇద్దువుగాని," అని విజయకుమారి వెనక్కి చూడకుండా వీధిలోకి వెళ్ళిపోయింది.

కిటికీ గట్టు మీద బోర్లించిన ఆ స్టీలు డబ్బా అడుగున, చుక్కలు చుక్కలుగా చెక్కిన దేవదానం పేరు మీద తడి ఇంకా ఆరలేదు.