తుపాకి కింద ఊడ్చేవాళ్లు

కువైట్ సబా అల్ సలేంలోని ఆ ఇంట్లో గురమ్మకు పొద్దున లేవగానే మొదటి పని దివానియాలో ఈకలు ఊడ్చడం. దివానియా అంటే ఇంటి యజమాని, అందరూ బాబా అనే ముసలాయన, తన స్నేహితులతో కూర్చునే ముందుగది. గోడ పొడుగునా అద్దాల బీరువా. అందులో వేట తుపాకులు వరసగా నిలబెట్టి ఉంటాయి. అన్నింటికన్నా లావు గొట్టంది కిటికీ పక్కన, అక్కణ్నుంచి ఒక్కొక్కటే సన్నమవుతూ తలుపు దాకా. తెల్లారేసరికి ప్రతి తుపాకి కిందా అది చంపినవేవో రాలి ఉంటాయి. ఇంగ్లండు తుపాకి కింద బాతు ఈకలు, ఇటలీదాని కింద గువ్వలవి. బాబా తండ్రి ఎడారిలో వాడినదాని కింద హుబారా పిట్టల గోధుమరంగు ఈకలు, వాటితో పాటు గుప్పెడు ఇసుక. చలికాలం కొంచెం ఎక్కువ రాలతాయి. బీరువా అడుగు సందులోంచి తివాచీ మీదకి పాకితే ఇంటి యజమానురాలు మామా తుమ్ముతుంది, తుమ్మినప్పుడల్లా గురమ్మను తిడుతుంది. తుపాకులనూ తిట్టదు, వాటిని కొన్న మొగుణ్నీ తిట్టదు.

ఇందులో వింతేమీ లేదు. గురమ్మ సొంతూరు అన్నమయ్య జిల్లా గాలివీడు పక్కన. అక్కడ చేనికాపలాకు నాటు తుపాకులు పెట్టుకున్న ఇళ్లలోనూ అంతే, తెల్లారితే తుపాకి కింద రాలిన అడివిపంది వెంట్రుకలు ఊడ్చి దిబ్బలో పోస్తారు. పోస్తారంటే ఆడవాళ్లు పోస్తారు. కాల్చినవాడు తన తుపాకి కింద తాను ఊడ్చుకున్న ఇల్లు గాలివీడులోనూ లేదు, కువైట్‌లోనూ లేదు.

ఊడ్చినవాటిని వంటమనిషి జ్ఞానమ్మ పారేయనిచ్చేది కాదు. ఆమెది రాజోలు. మెత్తటి ఈకలు ఏరి, ఉతికి, మేడ మీద ఆరబెట్టి దిండ్లు కుట్టేది. ఫింటాస్‌లో ఆమెతో పాటు ప్రార్థనకు వచ్చే నర్సులందరి తలల కిందా ఈ ఇంటి బాతులే ఉన్నాయి.

అయితే చంపినవన్నీ రాలవు. ఆ సంగతి గురమ్మకు చెప్పింది బాబాయే. చాలా ఏళ్ల కిందట బాబాకు సహం అని వేటకుక్క ఉండేది. పిట్ట మీదకి గురి పెట్టి కాల్చినప్పుడు అది పొదలోంచి అడ్డం వచ్చింది. ఆ తుపాకి కింద సహం వెంట్రుక ఒక్కటైనా కనబడుతుందేమోనని ముసలాయన ఇప్పటికీ చూస్తుంటాడు. "గురి పెట్టి కొట్టినవే రాలతాయి. పొరపాటున తగిలినవి రాలవు. ఒక్క వెంట్రుక ఇస్తే ఈ బీరువా మొత్తం ఇచ్చేస్తాను" అంటూ ఒకసారి ఆమె ముందే కళ్లు తుడుచుకున్నాడు.

ఆ మాట విన్న రోజున గురమ్మ మేడ మీదకి పోయి, నీళ్ల ట్యాంకుల మధ్య చాలాసేపు కూర్చుంది.

ఆమెకు ఒక్కతే కూతురు, వెంకటేశ్వరి. నాలుగేళ్ల కిందట చచ్చిపోయింది. అల్లుడు నాగేంద్రప్రసాద్ పందులకని పెట్టుకున్న తుపాకి తుడుస్తుంటే పేలిందన్నారు. ఆ వారం మామా ఆపరేషనై ఆస్పత్రిలో ఉంది, వీసా ఇచ్చిన కఫీల్ అయిన బాబా సెలవిచ్చేసరికి ఊళ్లో అన్నీ అయిపోయాయి. గురమ్మ పోయి చూసింది మట్టినే. అల్లుడు ఆమె కాళ్ల మీద పడి ఏడ్చాడు. పెద్దమనుషులు పొరపాటన్నారు, స్టేషన్లో పొరపాటని రాశారు. "ఆ పాపిష్టి తుపాకిని బావిలో ఏసేసినా అత్తా" అన్నాడు. పాడుబడ్డ బావి, అడుగు కనిపించని నీళ్లు. ఇంక దాని కింద ఏం రాలుతుందో ఎవరు చూస్తారు? మనవరాలు రెడ్డిరాణి అతని దగ్గరే ఉండిపోయింది. పిల్ల ఆ ఇంట్లో ఉన్నంతకాలం పొరపాటనే నమ్మాలి. వేరేలా నమ్మితే ఒక్కరోజు కూడా ఇక్కడ గిన్నెలు తోమగలిగేది కాదు. గురమ్మ నమ్మింది.

ఆ మధ్య ఒకరోజు మిర్కాబ్‌లో తుపాకుల దుకాణం పెట్టుకున్న హారూన్ ఒక సన్నటి తోలు పెట్టె పట్టుకొచ్చాడు. లోపల పిల్లలు ఆడుకునేదానిలా తేలికైన తుపాకి, చిటికెనవేలు పట్టేంత గొట్టం. బాబా వరసలో తలుపు పక్కన ఖాళీగా ఉన్నది సరిగ్గా ఆ చోటే. అన్నింటికన్నా సన్నది ఆయనకు దొరకక ఎన్నేళ్లయిందో.

"ఇది ఆడవాళ్ల తుపాకి, అబూ ఫహద్" అన్నాడు హారూన్ బాబాతో. "దెబ్బ వెనక్కి తన్నదు. తోటలో పాముకి, ఎలకకి. బొంబాయిలో ఒక పెద్దింటి సామాను వేలానికొస్తే అందులో దొరికింది."

ఆడవాళ్ల తుపాకి అంటే ఆడవాళ్లు పేల్చేదని గదిలో ఉన్న మగవాళ్లందరూ అనుకున్నారు.

కొనాలో వద్దో బాబా అప్పుడే చెప్పలేదు. ఆ ఇంటి పద్ధతి అది. కొత్త తుపాకిని నాలుగు పొద్దులు బీరువాలో ఉంచాలి, కింద ఏం రాలిందో చూడాలి, ఆ తర్వాతే బేరం. హుబారా రాలితే కళ్లకద్దుకుంటాడు, పావురం రాలితే పెదవి విరుస్తాడు. ఏమీ రాలకపోతే అది ఇనప గొట్టమే అంటాడు.

మర్నాడు పొద్దున ఆ సన్న తుపాకి కింద ఎర్రటి గాజుపెంకులు ఉన్నాయి.

గురమ్మ మొదట తన చేతులు చూసుకుంది. ఆమెవి ప్లాస్టిక్ గాజులు. పెంకులు వంపు తిరిగి ఉన్నాయి, ఒకదానికి మెరుపు చుక్క ఉంది. గబగబా చేటలోకి ఎత్తి, కొంగులో ముడేసింది. బాబా వచ్చి "ఏం రాలింది?" అంటే "ఏమీ లేదు బాబా" అంది. ఆ మర్నాడూ అంతే. ఈసారి పెంకులతో పాటు నల్లపూసలు రెండు.

"ఎవరి గాజులే అవి?" అంది జ్ఞానమ్మ వంటింట్లో, రొట్టెలకు పిండి పిసుకుతూ.

"కొత్త తుపాకి కింద రాలినాయక్కా."

జ్ఞానమ్మ చెయ్యి పిండిలోనే ఆగింది. "పిట్టలు గాజులేసుకోవు కదే."

"ఏసుకోవు."

"బాబాకి చెప్పేవా?"

"ఏం రాల్లేదని చెప్పినా."

"ఎందుకే అలా?"

"ఏమో. చెప్తే నిజమైపోతాదని బయమేసె."

"నువ్వు చెప్పేదాకా నిజం ఆగుద్దేంటే, పిచ్చిమొహమా" అంది జ్ఞానమ్మ. తర్వాత చేతులు కడుక్కుని వచ్చి ఆమె పక్కన కూర్చుంది. దిండ్ల మాట ఎత్తలేదు.

శుక్రవారం మధ్యాహ్నం ఫోన్ చేసే వేళ. నాగేంద్ర ఎప్పటిలాగే ఫోన్ పిల్ల చేతికిచ్చి బయటికి పోయాడు. రెడ్డిరాణి జడలు ఊగుతూ తెర నిండా కనిపించింది. గురమ్మ ఒక చేత్తో ఫోన్ పట్టుకుంది, ఇంకో చేతిలో పెంకులున్నాయి. అవి అక్కడున్నాయని ఆమెకే గుర్తులేదు.

"అవ్వా, ఏంది నీ చేతిలో?"

"ఏం లేదు మే. పగిలిన గాజులు."

"నాకాడ గూడా ఉండాయి. నీకంటే శానా ఉండాయి. ఉండు చూపిస్తా."

పిల్ల ఎక్కణ్నుంచో బిస్కెట్ డబ్బా తెచ్చి ఫోన్ ముందు వంచింది. ఆకుపచ్చ పెంకులు, వాటి మీద బంగారు చుక్కల వరస. ఆ గాజులు గురమ్మ మిర్కాబ్‌లో తన చేత్తో ఏరి కొన్నవి. ఊరికి పోయేవాళ్లతో పంపితే వెంకటేశ్వరి వేసుకుని, "ఊళ్లో ఎవురికీ లేవు మా ఇట్లాంటివి" అని ఫోన్లో మణికట్టు తిప్పి తిప్పి చూపించింది.

"యాడివి మే ఇవి?"

"కొట్టంలోవి. తుపాకి కింద పడతాయి. పొద్దున్నే ఊడ్చి దిబ్బలో పారెయ్ అంటాడు నాయన. నేను పెద్దవి పారెయ్‌లే, పెంకులాటకు దాచుకున్నా."

"తుపాకి బావిలో ఏసినాడు గదా మీ నాయన."

"లేదే. కొట్టంలో దూలానికి కట్టినాడు. వెంట్రుకలు గూడా పడతాయవ్వా, ఇంత పొడుగు. పొరకకు చుట్టుకుంటాయి, ఎంత పీకినా రావు."

గురమ్మ నాలుగేళ్లుగా ఒంటికాలి మీద నిలబెట్టుకున్న నమ్మకం చప్పుడు లేకుండా కూలిపోయింది. గొంతు మాత్రం మామూలుగానే వచ్చింది, తొమ్మిదేళ్లు పరాయి ఇంట్లో పనిచేసిన గొంతు అది.

"డబ్బా మూసి దాచిపెట్టు మే. ఎవురికీ చూపించొద్దు, మీ నాయనకు గూడా."

"ఎందుకు?"

"నేనొచ్చినప్పుడు ఆడుకుందాం."

ఆ సాయంత్రం హారూన్ మాట తేల్చుకోడానికి వచ్చాడు. బాబా స్నేహితులు నలుగురున్నారు. గురమ్మ టీ పళ్లెం తెచ్చి దించింది. దాని మీద గ్లాసుల పక్కన పెంకులూ పూసలూ ఉన్నాయి.

"రాలినాయి బాబా" అంది తనకు వచ్చిన అరబ్బీలో. "మొదటి రోజునుంచీ రాలినాయి. నేను అబద్ధం చెప్పినాను."

చాలాసేపు ఎవరూ టీ తీసుకోలేదు.

"పాత సంగతి అయ్యుంటుంది" అన్నాడు ఒకాయన. "వందేళ్ల కిందటిదేమో" అన్నాడు ఇంకొకాయన. వందేళ్లయితే తేలికైపోతుందన్నట్టు.

"పొరపాటున పేలి ఉంటుంది" అన్నాడు హారూన్.

"పొరపాటైతే రాలదు" అన్నాడు బాబా. ఆయన చూపు సహాన్ని చంపిన తుపాకి మీదకి పోయి, తిరిగి ఆ సన్నదాని మీదకి వచ్చింది. ఖాళీ చోటునూ చూశాడు. ఎంత కోరిక ఉందో మొహంలో కనబడుతూనే ఉంది. "వద్దు. ఖలాస్. తీసుకుపో."

"కొనండి బాబా" అంది గురమ్మ.

అందరూ తలలు తిప్పారు.

"కొని ఇక్కడే పెట్టండి. దాని కింద ఎవ్వరినీ ఊడ్చనీయకండి. పెంకులు అట్లే పోగుపడనీయండి. వచ్చినోళ్లు చూస్తారు."

బాబా మంచివాడే. అందుకే కసరకుండా మెల్లగా చెప్పాడు. "అప్పుడు ఈ గదిలో ఎవరు కూర్చుంటారు, గురమ్మా?"

ఆయనకు తన మాట న్యాయంగానే తోచింది. మిగతావాళ్లకూ తోచింది. ఒక హత్యను ఇంట్లోకి రానివ్వనందుకు గ్లాసులు తీసుకుని, తృప్తిగా టీ తాగారు. హారూన్ తుపాకిని పెట్టెలో పడుకోబెట్టాడు. గుమ్మం దగ్గర గురమ్మ అడిగింది, ఇప్పుడిది ఎక్కడికి పోతుందని.

"బహ్రెయిన్లో ఒకాయన ఉన్నాడు. ఆయన అడగడు ఏం రాలిందని" అన్నాడు. "ఇంట్లో ఇద్దరు పనివాళ్లు."

ఖాళీ అయిన గుమ్మంలో నిలబడ్డప్పుడు గురమ్మకు అర్థమైంది, ఆ తుపాకి ఇన్నేళ్లు ఎట్లా శుభ్రంగా బతికిందో. దాన్ని దాచింది పెట్టె కాదు, చీపురు. పెంకులు రాలిన ప్రతి పొద్దునా ఎవరో ఒక ఆడది వంగి ఎత్తి పారేసింది. తన మనవరాలు తల్లిని రోజూ ఊడ్చి దిబ్బలో పోసినట్టు.

మర్నాడు రాయచోటిలో ఉన్న చెల్లెలు గంగులమ్మకు ఫోన్ చేసింది. సంగతంతా చెప్పింది. అవతల గంగులమ్మ ఏడుపు ఆపేదాకా ఆగింది.

"రెడ్డెమ్మ కొండకు మొక్కుండాదని చెప్పి పిల్లను తోడుకో. డబ్బా గూడా తెచ్చుకోమను. ఇంకేం మాట్లాడొద్దు ఆడ."

"ఎన్నాళ్లు పెట్టుకోవాలక్కా?"

"ఆ ఇంట్లో పొరక పట్టే చెయ్యి లేకుండా పోవాల. అంతే. తర్వాత చూద్దాం."

గంగులమ్మ వెళ్లి పిల్లను తీసుకొచ్చింది. నాగేంద్ర తల్లి ఏనాడో పోయింది, కాబట్టి ఆ ఇంట్లో ఇంక ఆడమనిషి లేదు.

ఆ పైన ఏం జరిగిందో గురమ్మకు గంగులమ్మే చెప్పింది. గురమ్మ అప్పుడు దివానియాలో బాతు ఈకలు చేటలోకి ఎత్తుతూ ఉంది.

"కుళాయికాడ ఆడోళ్లు చూసినారంటక్కా, నాగేంద్ర పొద్దు మొలవకముందే కొట్టం ఊడస్తాండాడంట. మొదటిరోజు నగినారంట, అబ్బో, మగాయప్ప పొరక పట్టినాడే అని. రెండోరోజు గూడా ఊడిస్తే, ఏందిరా ఇది, పుట్టి బుద్దెరిగినాక ఎత్తిన గ్లాసు దించి ఎరగడు గదా అనుకున్నారంట. ఎగతాళి చేద్దామని పోయి తొంగి చూసినారంట."

"చూసి?"

"తుపాకి కింద గాజుపెంకులు చూసి, పక్కింటి బషీరా బీ పోయి ఆయప్ప చేతిలో పొరక పీక్కున్నాదంట. నీకెందుకు నాయనా, మేం ఊడస్తాం లే అని. పీక్కుని, ఊడ్చలే. వాకిట్లో అడ్డంగా కూర్చున్నాదంట. మిగతా ఆడోళ్లు గూడా కూర్చుని, స్టేషన్‌కు కబురు పంపినారంట. స్టేషన్నుంచి వచ్చినోళ్లు ఏందేందో చెప్పబోతే, మీరూ కూర్చోండి సారూ, తెల్లారనీండి అన్నారంట. తెల్లారినాక వాళ్ల కండ్ల ముందరే రాలినాయక్కా. గాజులు, వెంట్రుకలు, మన వెంకటేశ్వరి ముక్కుపుడక గూడా. తుపాకినీ వాణ్నీ ఇద్దర్నీ తోడుకోని పోయినారు."

గురమ్మ చేట పక్కన పెట్టి నేల మీద కూర్చుంది. బాబా తలుపు దగ్గరికి వచ్చాడు, రోజూలాగే ఆ ఒక్క తుపాకి ముందు వంగి చూశాడు. ఏమీ లేదు. ఆయన కుక్క ఈరోజు కూడా రాలేదు. నాలుగేళ్లు గురమ్మ మొక్కుకున్నదీ అదే, ఏమీ రాలకుండా ఉండాలనే. ముసలాయన నిట్టూర్చి వెళ్లిపోయాడు.

ఫోన్లో పిల్ల గొంతు వచ్చింది. "అవ్వా, డబ్బా తెచ్చుకున్నా. ఇప్పుడు ఆడుకోవచ్చునా?"

గురమ్మ ఫోన్‌ను ఇంకో చెవికి మార్చుకుంది.

"అవి ఆడుకునేవి కాదు మే. మీ అమ్మవి. మీ అమ్మ ఏసుకున్న గాజులు."

అవతల డబ్బా మూత మెల్లగా మూసిన చప్పుడు.

"అయితే ఆ వెంట్రుకలు గూడా అమ్మవేనా?"

"అవును మే."

"పొరక ఆడనే ఉండిపోయె గదవ్వా" అంది రెడ్డిరాణి. "నేను ఎన్నో పీకి పారేసినా. చుట్టుకున్నవి ఇంకా ఉంటాయి."

"నేనొస్తాండా" అంది గురమ్మ. "వచ్చి, ఆ ఇంటికాడికి పోయి పొరక నేను తెస్తా."

లోపల్నుంచి మామా తుమ్మింది, యల్లా గురమ్మా అని తొందరపెడుతూ కేకేసింది. గురమ్మ లేచి, చీపురును బీరువాకు ఆనించింది. ఈకలు ఎక్కడివక్కడ వదిలేసి, సెలవు కాదు, ఇంక వెళ్లిపోతానని చెప్పడానికి లోపలికి నడిచింది.